నాన్నకి గదిలో పిల్లలు కనబడుతున్నారు: ఇది వయసు వల్లనేనా, మెదడు జబ్బా?

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ విభాగం చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 71 ఏళ్లు. కొన్నేళ్లుగా నిద్రలో అరుస్తారు, చేతులు విసురుతారు. ఒకసారి పక్కనే పడుకున్న అమ్మ భుజం మీద గట్టిగా కొట్టారు కూడా. పొద్దున అడిగితే ఎవరో తనని తరుముతున్నట్టు కల వచ్చిందన్నారు. పీడకలలే కదా అని వదిలేశాం. తర్వాత నడక నెమ్మదించింది. సంతకం చిన్నదైపోయింది, చివరి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. ఇప్పుడు కొన్ని నెలలుగా సాయంత్రం పూట మంచం పక్కన ఇద్దరు చిన్నపిల్లలు కూర్చున్నారంటున్నారు. భయపడరు. "వాళ్లకి కూర్చోడానికి చోటివ్వండి" అంటారు.

నన్ను ఎక్కువ తికమక పెట్టేది ఇంకొకటి. ఒకరోజు పేపరు మొత్తం చదివి నాతో వాదిస్తారు. మర్నాడు చొక్కా గుండీలు ఎలా పెట్టుకోవాలో తెలియక అలా నిలబడిపోతారు. చూపించిన డాక్టరుగారు వయసు ప్రభావం అన్నారు. పిల్లలు కనబడుతున్నారంటే ఒక మాత్ర రాశారు. అది వేసుకున్న రెండో రోజు నుంచి నాన్న కొయ్యలా బిగుసుకుపోయారు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఇది అల్జీమర్సా, పార్కిన్సన్సా, ఏమిటిది?

తూర్పుగాలి:
వెన్నెల గారూ, వయసు వల్ల మనుషులు కనబడరండీ. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోవడం వయసు. లేని పిల్లలు కనబడటం వయసు కాదు.

మా అమ్మకి అల్జీమర్స్. మాకు మొదలైన తీరు వేరు. చెప్పిన మాటే మళ్లీ చెప్పడం, పది నిమిషాల కిందటి సంగతి గుర్తులేకపోవడం, ఇంటి లెక్కలు తేడా రావడం. నడక, చేతులు అన్నీ బాగానే ఉండేవి. మీ నాన్నగారికి జ్ఞాపకశక్తి కంటే ముందు వేరేవి మొదలైనట్టున్నాయి. న్యూరాలజిస్టుకి చూపించండి, ఆలస్యం చేయొద్దు.

నాడీమిత్ర:
నేను న్యూరాలజీలో పనిచేస్తున్నాను. మనిషిని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయలేను. కానీ మీరు రాసిన నాలుగు విషయాలు ఒకచోట కలిస్తే ఏ న్యూరాలజిస్టయినా ముందు ఆలోచించేది లూయీ బాడీ డిమెన్షియా (మెదడు కణాల్లో ప్రొటీన్ ఉండలు చేరి బుద్ధి మందగించే జబ్బు) గురించే. నిద్రలో కలని ఒంటితో ఆడటం, ఒకరోజు తేటగా ఇంకోరోజు మబ్బుగా ఉండటం, లేని మనుషులు స్పష్టంగా కనబడటం, పార్కిన్సన్స్‌లో లాగా నెమ్మదించడం. ఈ జబ్బులో మొదట్లో జ్ఞాపకశక్తి చాలావరకు బాగానే ఉండొచ్చు. దారి పోల్చుకోవడం, గుండీ పెట్టుకోవడం, గడియారం బొమ్మ గీయడం లాంటివి ముందు దెబ్బతింటాయి.

అన్నిటికంటే ముందు ఆ మాత్ర పేరు చూసి చెప్పండి. భ్రమలకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి అస్సలు పడవు. మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనం ముందే తగ్గిపోయి ఉంటుంది, ఈ మందు ఉన్న కాస్తని కూడా పనిచేయనివ్వదు. ఒళ్లు బిగుసుకుపోతుంది, మింగలేరు, స్పృహ మందగిస్తుంది. ప్రాణం మీదకి రావచ్చు కూడా.

వెన్నెలదారి:
హాలోపెరిడాలే అండీ. ఇప్పుడే డబ్బా చూశాను. ఈరోజు నీళ్లు కూడా పొలమారుతున్నాయి. చొంగ కారుతోంది.

నాడీమిత్ర:
అయితే ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. తర్వాతి డోసు వేసేముందు డాక్టరుతో మాట్లాడాలి. ఆ డబ్బా, వేసుకునే మిగతా మందులన్నీ వెంట పట్టుకెళ్లండి. మిగతా మందులు మీ అంతట మీరు ఆపొద్దు. నోటితో నీళ్లు, ఆహారం బలవంతాన పెట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు బిగుసుకుపోవడంతో పాటు జ్వరం, చెమటలు, మగత ఉంటే అది ఎమర్జెన్సీ అని అక్కడ మొదటి మాటగా చెప్పండి.

తూర్పుగాలి:
వెళ్లొచ్చాక ఎలా ఉన్నారో ఒక్క మాట రాయండి వెన్నెల గారూ.

పాతపుస్తకం:
ఆవిడ తిరిగొచ్చేలోగా ఈ జబ్బులన్నిటికీ మూలం ఎక్కడుందో రాస్తాను. ఈ విభాగంలో కొత్తగా వచ్చేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది.

1906లో జర్మనీలో ఆలోయిస్ అల్జీమర్ తన రోగి అగస్ట్ డేటర్ మెదడుని ఆమె చనిపోయాక సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఆమె యాభైల్లోనే భర్త పేరు కూడా సరిగ్గా చెప్పలేని స్థితికి వచ్చింది. ఆయనకి రెండు రకాల పేరుకుపోయిన పదార్థాలు కనబడ్డాయి. కణాల మధ్య గడ్డలు, కణాల లోపల దారం ఉండల్లాంటివి. మొదటిది అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్, రెండోది టౌ. 1912లో ఫ్రెడరిక్ లూయీ పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో ఇంకోరకం ఉండలు చూశాడు. అవి ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్‌తో అయినవని 1997లో తెలిసింది. తల్లి నుంచో తండ్రి నుంచో జన్యువుతో వచ్చే హంటింగ్టన్స్ జబ్బులో పేరుకునేది హంటింగ్టిన్ అనే ప్రొటీన్, కండరాలని నడిపే నరకణాలు చచ్చిపోయే ఏఎల్‌ఎస్ రోగుల్లో అత్యధికులకి టీడీపీ-43 అనే ప్రొటీన్.

అంటే జబ్బు పేర్లు వేరైనా కథ దాదాపు ఒకటే. శరీరంలో మామూలుగా ఉండాల్సిన ఒక ప్రొటీన్ తన ఆకారం తప్పుతుంది. ఒకదానికొకటి అంటుకుని పేరుకుంటుంది, శుభ్రం చేసే వ్యవస్థకి లొంగదు, చుట్టుపక్కల కణాలకి పాకుతుంది, కణాలు చచ్చిపోతాయి. ఏ ప్రొటీన్, మెదడులో ఏ చోట అన్నదాన్ని బట్టి లక్షణాలు మారతాయి. జ్ఞాపకాలు దాచే హిప్పోకాంపస్ దగ్గర మొదలైతే మతిమరుపు. నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమిన్ కణాలు పోతే వణుకు, నెమ్మది. నుదుటి వెనక భాగం పోతే మనిషి స్వభావమే మారిపోతుంది.

ఆకారం తప్పిన ప్రొటీన్ తోటి ప్రొటీన్లని కూడా చెడగొట్టగలదని ప్రియాన్ జబ్బులనే అరుదైన మెదడు జబ్బుల మీద పనిచేసిన స్టాన్లీ ప్రూసినర్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఒక్క మాట, కంగారు పడకండి: అల్జీమర్స్, పార్కిన్సన్స్ రోగిని ముట్టుకుంటేనో సేవ చేస్తేనో అంటుకోవు.

అసలు మొదటి ప్రొటీన్ ఎందుకు ఆకారం తప్పుతుంది? కొద్దిమందికి జన్యువు వల్ల. ఎక్కువమందికి వయసు, జన్యువులు, జీవితంలో తగిలిన దెబ్బలు కలిసి. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు మత్తుమందు ఎక్కించుకుని, ముదిరిన పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయి ఆస్పత్రికి వచ్చారు. ఆ మందు తయారీలో పుట్టిన ఎంపీటీపీ అనే పదార్థం వాళ్ల డోపమిన్ కణాలని చంపేసింది. బయటి విషం ఒక్కటే ఇంత పని చేయగలదని అప్పుడు తెలిసింది. కొన్ని పురుగుమందులకి, పార్కిన్సన్స్‌కి ఉన్న సంబంధం మీద పరిశోధన అక్కడి నుంచే ఊపందుకుంది.

సత్య77:
ఇంత చదివాక ఒకటే అనిపిస్తోంది. కణాలు చచ్చిపోతే కొత్త కణాలు ఎక్కిస్తే సరిపోతుంది కదా? స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో అల్జీమర్స్ పూర్తిగా నయమైందని వీడియోలు చూశాను. మా పెదనాన్నకి చేయిద్దామని ఇంట్లో అనుకుంటున్నాం.

నాడీమిత్ర:
సత్య గారూ, దయచేసి ఆగండి. అల్జీమర్స్‌ని నయం చేస్తుందని తేలిన స్టెమ్ సెల్ చికిత్స ఈరోజుకి ఏదీ లేదు. పార్కిన్సన్స్‌లో డోపమిన్ కణాలు తయారుచేసి మెదడులో పెట్టే పరిశోధనలు నిజాయితీగా జరుగుతున్నాయి. కానీ అవి ట్రయల్స్‌లో, అనుమతులతో, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా జరుగుతాయి. నడుముకో చేతికో ఇంజెక్షన్ ఇచ్చి వేలూ లక్షలూ అడిగితే అది పరిశోధన కాదు. ఇన్‌ఫెక్షన్లు వచ్చినవాళ్లున్నారు, కణితులు పెరిగినవాళ్లూ ఉన్నారు. ఎవరు చేస్తామన్నా రెండు ప్రశ్నలు అడగండి: ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఫలితాలు ఎక్కడ ప్రచురించారు? జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

తూర్పుగాలి:
సత్య గారూ, ఆ ఆశ నాకు తెలుసు. మేమూ రాత్రులు కూర్చుని అలాంటి వీడియోలే చూశాం. ఆ డబ్బు పెదనాన్నగారిని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టుకోడానికి వాడండి. రోజూ పనికొస్తుంది.

నాడీమిత్ర గారూ, నాకూ ఒక సందేహం. అమ్మకి అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ మాత్ర వాడుతున్నాం. ఈమధ్య అమైలాయిడ్‌ని తీసేసే కొత్త ఇంజెక్షన్లు వచ్చాయంటున్నారు కదా, అమ్మకి పనికొస్తాయా? అమ్మ ఇప్పుడు నన్ను అప్పుడప్పుడు అక్కా అని పిలుస్తోంది.

నాడీమిత్ర:
లెకానెమాబ్‌కి 2023లో, డోనానెమాబ్‌కి 2024లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. నిజంగానే మెదడులోంచి అమైలాయిడ్‌ని తీసేస్తాయి. కానీ తీసేయడం వేరు, మనిషి కోలుకోవడం వేరు. లెకానెమాబ్ ట్రయల్‌లో 18 నెలల్లో మందు తీసుకున్నవాళ్లూ, తీసుకోనివాళ్లూ సగటున క్షీణించారు. మందు తీసుకున్నవాళ్లు 27 శాతం నెమ్మదిగా క్షీణించారు. పేపర్లో ఈ 27 శాతమే కనబడుతుంది. 18 పాయింట్ల కొలమానంలో ఆ తేడా అర పాయింటు కంటే తక్కువ. ఇంట్లోవాళ్లకి కంటికి కనబడేంత తేడానా అని డాక్టర్ల మధ్యే వాదన నడుస్తోంది.

ఇవి తొలిదశ వాళ్లకే. మెదడులో అమైలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌తోనో వెన్నునీటి పరీక్షతోనో రుజువు కావాలి. మెదడు వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్‌ఐలు తీస్తూ ఉండాలి. ఏపీఓఈ4 అనే జన్యువు రెండు ప్రతులూ ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మనుషుల్ని పోల్చుకోలేని దశకి వచ్చాక ఇవి ఇవ్వరు. మీ అమ్మగారి విషయంలో డోనెపెజిల్‌కి మెమాంటీన్ జోడించడం గురించి మీ డాక్టరుని అడగండి. అది మధ్యదశ నుంచి వాడే మందే. అద్భుతాలు ఆశించొద్దు. కొందరిలో రోజువారీ పనులు ఇంకొంతకాలం నిలుస్తాయి, చిరాకు కాస్త తగ్గుతుంది.

నాకు దీనికంటే ముఖ్యంగా అనిపించే విషయం వేరే ఉంది. మతిమరుపుతో వచ్చే ప్రతివాళ్లకీ ముందు బాగుచేయగలిగే కారణాలు వెతకాలి. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, చిన్న దెబ్బకే తల లోపల మెల్లగా చేరిన రక్తం. నడక తడబాటు, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి, ఆపరేషన్‌తో కొందరు లేచి నడుస్తారు. ఇక మందులు. అలర్జీకి, నిద్రకి, మూత్రం సమస్యకి వాడే కొన్ని మాత్రలు పెద్దవాళ్ల బుర్రని మబ్బు పట్టిస్తాయి. కళ్లు తిరగడానికి నెలల తరబడి వాడే సినరిజీన్, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకు తెప్పిస్తాయి. మందు ఆపితే చాలామందిలో నెలల్లో తగ్గుతుంది. ఇది కనిపెట్టకుండా పార్కిన్సన్స్ మాత్రలు మొదలుపెట్టిన కేసులు చూస్తే బాధేస్తుంది.

ఇంకొకటి. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తారుమారైతే అది డిమెన్షియా కాదు. యూరిన్ ఇన్‌ఫెక్షనో, న్యుమోనియానో, సోడియం తగ్గడమో వెతకాలి.

లత_ఫిజియో:
నేను ఫిజియోథెరపిస్టుని. పార్కిన్సన్స్ వాళ్ల ఇళ్లలో ఎక్కువగా చూసే ఇబ్బంది ఒకటి చెప్తాను. లెవోడోపా వేళ తప్పడం. 1960ల్లో వచ్చిన ఈ మందే ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ దాని ప్రభావం ఉండే సమయం తగ్గుతుంది కాబట్టి ఎనిమిదింటి మాత్ర ఎనిమిదింటికే పడాలి. ప్రొటీన్ ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. భోజనానికి అరగంట ముందు మంచిది. మొదట్లో వికారంగా ఉంటే కొద్దిగా ఏదైనా తిని వేసుకోవచ్చు, డాక్టరుని అడిగి. ఎవరో చెప్పారని ఒక్కసారిగా మానేయడం మాత్రం చాలా ప్రమాదం.

గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయి నిలబడిపోతుంటే చెయ్యి పట్టి లాగకండి, ముందుకి పడిపోతారు. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టండి. నేల మీద అడుగు దూరంలో అడ్డంగా రంగు టేపు అతికించండి. రెండు అడుగులు వేయలేని మనిషి ఆ గీతలు దాటుకుంటూ గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం నేను చాలాసార్లు చూశాను. అలవాటుగా నడిపించే దారి దెబ్బతిన్నా, కంటితో చూసి అడుగు వేసే దారి ఇంకా పనిచేస్తూ ఉంటుంది. మందు పనిచేస్తున్న గంటలోనే వ్యాయామం చేయించండి.

వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్స్ కాదు. ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికి, గ్లాసు పట్టుకుంటే తగ్గేది పార్కిన్సన్స్‌లో మామూలు. గ్లాసు ఎత్తితేనే వణికితే చాలావరకు వేరే రకం, దానికి మందు కూడా వేరు.

కొండవాగు:
మతిమరుపు, వణుకు లేని జబ్బు గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మా అన్నయ్యకి ఏఎల్‌ఎస్. తాళం తిప్పడానికి బొటనవేలు సహకరించకపోవడంతో మొదలైంది. నరం పట్టిందనుకున్నాం. తర్వాత చేతి కండ చిక్కిపోయింది, చర్మం కింద కండ అదురుతూ కనబడేది. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. బుర్ర పాదరసం, అందరి పుట్టినరోజులూ తనే గుర్తుచేస్తాడు. అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టింది నవ్వు. విషాదవార్త చెప్తుంటే ఆపుకోలేక నవ్వేవాడు, నవ్వుతూ కళ్లతోనే క్షమించమని అడిగేవాడు. అది జబ్బులో భాగమనీ, దానికి మందు ఉందనీ ఆలస్యంగా తెలిసింది.

రిలుజోల్ వాడుతున్నాం. కొన్ని నెలలు కలిసొస్తాయన్నారు. రాత్రి మాస్కుతో ఊపిరి ఇచ్చే మిషన్ మొదలుపెట్టాక పొద్దున తలనొప్పి పోయింది, ముఖం తేటగా ఉంది. అడగాలనుకున్నది: జన్యుపరీక్ష చేయించమంటున్నారు, మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. అవసరమా?

నాడీమిత్ర:
అవసరమే. ఏఎల్‌ఎస్ ఇంటి చరిత్ర ఉన్నవాళ్లు దాదాపు పదిలో ఒకరే, కానీ చరిత్ర లేనివాళ్లలోనూ కొందరికి జన్యులోపం బయటపడుతుంది. ఎస్‌ఓడీ1 జన్యువులో తేడా ఉంటే దానికంటూ 2023లో టోఫెర్సెన్ అనే మందు వచ్చింది. వందలో ఇద్దరు ముగ్గురికే ఆ అవకాశం. అయినా తెలుసుకోకుండా వదలొద్దు.

ఇంకో పని, మాట ఇంకా అర్థమవుతుండగానే అన్నయ్యగారి గొంతు రికార్డు చేయించండి. తర్వాత కంటిచూపుతో నడిచే పరికరం ఆయన గొంతుతోనే మాట్లాడేలా చేయొచ్చు. ఈ జబ్బులో కంటి కండరాలు చివరిదాకా చాలావరకు పనిచేస్తాయి. కడుపులోకి ట్యూబు పెట్టించుకునే విషయం బరువు బాగా తగ్గకముందే, ఊపిరి బలం ఉండగానే ఆయనతోనే మాట్లాడండి. నిర్ణయం ఆయనది.

కొండవాగు:
గొంతు రికార్డు గురించి మాకు ఎవరూ చెప్పలేదండీ. ఈ వారమే మొదలుపెడతాం.

రేపటి_ఉదయం:
నాకు 26. అమ్మకి హంటింగ్టన్స్. నాకు వచ్చే అవకాశం సగానికి సగం అని తెలుసు. పరీక్ష ఉందనీ తెలుసు. చేయించుకోవాలా? చేయి వణికినా, ఏదైనా కిందపడేసినా ఇది మొదలైందేమో అని టెన్షన్.

పాతపుస్తకం:
బాబూ/అమ్మా, మీరెవరో తెలియదు గానీ మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆగాను. ఈ జన్యువు ఉండే చోటు 1983లో, జన్యువు 1993లో దొరికాయి. ఆ వెతుకులాటని ముందుండి నడిపిన నాన్సీ వెక్స్‌లర్ తల్లికీ ఇదే జబ్బు. పరీక్ష వచ్చాక వెక్స్‌లర్ దాన్ని వెంటనే చేయించుకోలేదు. దశాబ్దాల తర్వాత, 2020లో, తనకీ జబ్బు ఉందని బయటికి చెప్పారు. అంత తెలిసిన మనిషే అలా చేశారంటే, చేయించుకోకపోవడం పిరికితనం కాదు. చేయించుకోవడం తొందరపాటూ కాదు.

నాడీమిత్ర:
పాతపుస్తకం గారు చెప్పినదానికి వైద్యం వైపు నుంచి కొంత కలుపుతాను. ఆ జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల వరస ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడతారు. 40 లేదా ఎక్కువ ఉంటే పూర్తి ఆయుర్దాయం బతికినవాళ్లకి జబ్బు వస్తుంది. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 26, అంతకంటే తక్కువైతే రాదు, మీ పిల్లలకీ రాదు. ఎప్పుడు మొదలవుతుందో ఆ అంకె కచ్చితంగా చెప్పదు.

రక్తం ఇచ్చేముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడటం తప్పనిసరి అనుకోండి. ఫలితం సిద్ధమయ్యాక కూడా వద్దని వెనక్కి రావచ్చు, అది మీ హక్కు. ఇన్సూరెన్స్ సంగతులు ముందే చూసుకోండి. మీ ఫలితం తెలుసుకోకుండానే జబ్బు లేని పిండాన్ని ఎంచుకునే పద్ధతులు కూడా ఉన్నాయి, పిల్లల గురించి ఆలోచించేటప్పుడు అడగండి. చేయి వణికిందన్న భయానికి జన్యుపరీక్ష అక్కర్లేదు, న్యూరాలజిస్టు ఒకసారి పరీక్షించి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

రేపటి_ఉదయం:
వెనక్కి రావచ్చని నాకు తెలియదు. ముందు కౌన్సెలింగ్‌కి మాత్రం వెళ్తాను. థాంక్యూ.

వెన్నెలదారి:
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఆరోజు రాత్రే అడ్మిట్ చేశాం. హాలోపెరిడాల్ ఆపేశారు, సెలైన్ పెట్టారు. బిగుసుకుపోవడం మెల్లగా తగ్గింది. బీ12, థైరాయిడ్, ఎంఆర్‌ఐ అన్నీ చూశారు. న్యూరాలజిస్టు లూయీ బాడీ డిమెన్షియా అనే అన్నారు. రివాస్టిగ్మిన్ ప్యాచ్ మొదలుపెట్టారు. పిల్లలు ఇంకా కనబడుతున్నారు కానీ రోజూ కాదు. ఏ మందు పడదో రాసి ఒక కార్డు ఇచ్చారు, నాన్న పర్సులో పెట్టాను.

ఇంట్లో ఇంకా గొడవగానే ఉంది. "పిల్లలు లేరు" అని తమ్ముడు వాదిస్తాడు, నాన్నకి కోపం వస్తుంది. పొద్దున మంచం మీంచి లేస్తే కళ్లు తిరిగి పడబోతున్నారు. నిద్రలో తన్నడం అలాగే ఉంది.

తూర్పుగాలి:
అమ్మయ్య! తమ్ముడికి చెప్పండి, వాదన వద్దని. ఉన్నారనీ ఒప్పుకోనక్కర్లేదు. "నాకు కనబడటం లేదు నాన్నా, మీకు భయంగా ఉందా?" అంటే చాలు. సాయంత్రం కాకముందే లైట్లు వేసేయండి, కుర్చీ మీద బట్టలు వదలొద్దు. చీకట్లో అవే మనుషుల్లా కనబడతాయి. చూపు, వినికిడి కూడా చూపించండి, సరిగ్గా కనబడకపోతే ఈ భ్రమలు పెరుగుతాయి.

మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఆవిడ రాత్రి నిద్రపోతున్నారా?

వెన్నెలదారి:
అమ్మ గురించి అడిగింది మీరొక్కరేనండీ. నిద్ర లేదు. బరువు తగ్గిపోయింది. వేరే గదిలో పడుకోమంటే వినదు.

నాడీమిత్ర:
అమ్మగారు వేరే మంచం మీద పడుకోవాల్సిందే, దెబ్బలు తగులుతాయి. అదే గదిలో కాస్త దూరంగా అంటే ఒప్పుకుంటారేమో. నాన్నగారి మంచం ఎత్తు తగ్గించండి, పక్కన నేల మీద పరుపు వేయండి, గాజు వస్తువులు, పదునైన అంచులున్న బల్ల తీసేయండి. నిద్రలో తన్నడం తగ్గడానికి మెలటోనిన్ అనే మందు గురించి మీ డాక్టరుని అడగండి. క్లోనజెపామ్ కూడా వాడతారు కానీ పడిపోవడం, మబ్బు ఎక్కువవుతాయి కాబట్టి ఈయనకి అది రెండో మాట.

కళ్లు తిరగడం బీపీ వల్ల కావచ్చు, ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకుని ఉండగా ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాలకి ఒకసారి కొలవండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే రాసిపెట్టి ఈసారి చూపించండి. బీపీ మాత్రలు ఏమైనా వాడుతుంటే డోసు మార్చాల్సి రావచ్చు. ఈలోగా లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కాళ్లు ఆడించమనండి.

వెన్నెలదారి:
మిషన్ ఇంట్లోనే ఉంది. రేపు పొద్దున కొలిచి ఇక్కడే రాస్తాను.